తడి తెర వెనుక

మొదట నాకు నిశ్చయంగా తెలిసిన సంగతులు చెబుతాను. ఈశ్వర నామ సంవత్సరపు వేసవిలో, ఉదయగిరి కొండ దిగువన వేసిన కరువు శిబిరంలో, ఒక సాయంకాలం దీపాలు పెట్టే వేళ బొమ్మల లాంతరు ప్రదర్శన జరిగింది. గంజిశాల తూర్పు కొసన ఒక గుడ్డ తెర కట్టి, దానిని నీళ్ళతో బాగా తడిపారు. ప్రదర్శన ముగిసి జనం లేచేసరికి ఒక బాలింత కనిపించలేదు. ఆమె ఐదు నెలల ఆడబిడ్డ అత్తగారి ఒడిలో ఉంది. వీటిలో కొన్ని నేను కళ్ళారా చూసినవి, కొన్ని మరునాడు చేత్తో తాకి, అడుగులు వేసి కొలిచి రూఢి చేసుకున్నవి.

ఇక వినికిడి. ఆమె తెర మీది సముద్రంలోకి నడిచిపోయిందనీ, ఆమె అడుగు పెట్టగానే నీళ్ళు కదిలాయనీ, లోపల ఆమె ఆకారం పెరిగి పెరిగి తాటిచెట్టంత అయి మాయమైందనీ చూసినవారు చెప్పారు. నేను ఆ ప్రదర్శనలో లేను. శిబిరం రెండో కొసన రోగుల పాకలో ఉన్నాను.

ఇన్నేళ్ళకు దీనిని రాయడానికి కారణం ఉంది. ఈమధ్య ఆత్మకూరులో బయస్కోపు డేరా వేశారు. అందులో ఒక తమాషా బొమ్మ ఆడింది. బొమ్మ చూస్తున్న వాడొకడు ఉన్నట్టుండి లేచి, తెర మీద కనిపిస్తున్న ఊళ్ళోకి దూకేస్తాడు. డేరా అంతా నవ్వింది. నా పక్కన కూర్చున్న యువ ఉపాధ్యాయుడు, "ఎంత వెర్రివాళ్ళయినా అట్లా అనుకుంటారా అండీ?" అన్నాడు. జవాబు చెప్పాలంటే ఈ కథంతా చెప్పాలి.

అప్పటికి నేను మద్రాసులో వైద్యం చదువుకొని వచ్చి ఏడాది తిరగని హాస్పిటల్ అసిస్టెంటును. జనం డాక్టరయ్యా అని పిలిచేవారు. ఎవరేమి చెప్పినా "నువ్వు చూశావా? ఎంత దూరం నుంచి చూశావు?" అని అడగడం నాకు అలవాటు. ఆ అలవాటు మీద నాకు కొంత గర్వం కూడా ఉండేది.

శిబిరం పక్కన ఒక వాగు ఉంది. వరసగా రెండేళ్ళు వానలు లేక అది ఇసుక బారింది. ఆ ఇసుకలో నిలువెత్తు లోతున గుంటలు తవ్వి, అడుగున ఊరిన నీటిని జనం తోడుకునేవారు. వాటిని చెలమలు అంటారు. ఎగువనున్న చెలమల నీళ్ళు తాగినవారిలోనే విరేచనాలు ఎక్కువగా ఉన్నాయని నేను లెక్కగా గమనించి, అటు ఎవరూ పోరాదని ఉత్తర్వు ఇప్పించాను. కాలిబాటకు అడ్డంగా ముళ్ళకంప వేయించాను. పశువుల బాట ఇంకొకటి ఉండేది గాని, పశువులే మిగలలేదు గనుక దానికి కంప వేయాలని నాకు తోచలేదు. అప్పటినుంచి కొండ కింది బావి నీళ్ళే శిబిరానికి ఆధారం. ఉదయగిరి సాయిబు ఒకాయన, భిస్తీ, ఆ నీళ్ళు తోలుతిత్తిలో మోసుకొచ్చి, గంజిశాల తూర్పున ఒక తొట్టిలో నింపి, మనిషికి రోజుకు రెండు ముంతల చొప్పున పోసేవాడు.

లాంతరు తెచ్చినాయన ఒక క్రైస్తవ ఉపదేశి. ఆత్మకూరు వైపునుంచి ఎద్దుబండిలో వచ్చాడు. యాభై ఏళ్ళవాడు, మెత్తగా మాట్లాడే మనిషి. అద్దపు పలకల మీద రంగులతో వేసిన బొమ్మలు ఆయన దగ్గర ఒక పెట్టెడు ఉండేవి. జనం గంజిశాల లోపల కూర్చుంటే, ఆయన లాంతరుతో తెరకు అవతల, ఆరుబయట వేసిన చిన్న పందిరి కింద ఉండేవాడు. గుడ్డ పొడిగా ఉంటే వెలుగు దానిని దాటి ఇవతలికి సరిగా రాదు. అందుకని ప్రదర్శనకు ముందు తెరను తడపడం ఆ పనిలో ఒక పద్ధతి. ఆ సాయంకాలం భిస్తీ ఒక తిత్తి నిండా నీళ్ళు ఆ గుడ్డ మీద చిమ్మాడు.

మనిషికి రెండు ముంతలు దొరికే చోట ఒక తిత్తెడు నీళ్ళు! ఉపదేశి బైబిలు కథలోని గలిలయ సముద్రం పలక పెట్టేసరికి ఎదురుగా నీలంగా నీళ్ళు, వాటి మీద పడవ. ఆ నీళ్ళ కిందనే, తెర అంచునుంచి నిజమైన నీళ్ళు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్ళు చేయి చాపి తాకారు. తడి. నాలుక మీద వేసుకున్నారు. నీళ్ళే. ఇది నిజమా కాదా అని తేల్చుకోవడానికి నేను చేసే పని కూడా అదే అయి ఉండేది.

ప్రదర్శన అయిన కాసేపటికి ఆ ముసలామె, అంటే తప్పిపోయిన బాలింత అత్తగారు, ఏడుస్తున్న బిడ్డను రోగుల పాకకు తెచ్చింది.

"బిడ్డకి పాలియ్యాల. దీనమ్మ సముద్రంలోకి పొయ్యింది. నువ్వన్నా చెప్పి బయటికి పిలిపించయ్యా," అంది.

నేను గదమాయించాను. "ఏ సముద్రం? గుడ్డ అది. గుడ్డ!"

"గుడ్డని నాకూ తెలుసు నాయనా. గుడ్డలో నీళ్ళు ఉండాయా లేదా? నేను తాగినాను."

ఆ మాటను నేను అక్కడితో వదిలేశాను. ఆ రాత్రి నేను చేసిన తప్పు అదే. కోడలు ఎటు పోయిందో ఎవరు చూశారని నలుగురిని పిలిచి అడిగాను. నలుగురూ విడివిడిగా ఒకే మాట చెప్పారు: ముంత తీసుకొని లేచింది, తెర దగ్గరికి పోయింది, నీళ్ళు కదిలినాయి, లోపల పెద్దదయి పెద్దదయి పోయింది. నలుగురు విడివిడిగా ఒకే సంగతి చెప్పినప్పుడు దానిని పరీక్షించి చూడాలి. కాని వాళ్ళు చెప్పింది అసంభవం గనుక, ఆకలి వల్ల కలిగిన భ్రమ అనుకొని పక్కన పెట్టాను. మనసు విరిగి స్వగ్రామానికి బయలుదేరి ఉంటుందని నాకై నేను ఊహించి, ఆ ఊరికి పోయే కొండాపురం దారిన ఇద్దరు మనుషులను పంపాను. నా ఊహకు ఒక్క సాక్షి కూడా లేడు. అది నాకప్పుడు తట్టలేదు.

తెల్లవారింది. దారిన పోయినవారు ఉత్త చేతులతో తిరిగి వచ్చారు. ముసలామె కోడలి పేరు పెట్టి పిలుస్తూ వాగు గట్టు వెంబడి ఒకసారి, కొండ కింద ఒకసారి తిరిగి వచ్చింది. బిడ్డ ఏడుపు మానేసింది. అది మంచి గుర్తు కాదని నాకు తెలుసు. గంజి తేట గుడ్డపీలికతో నోట్లో పిండితే మింగకుండా బుగ్గల వెంట వదిలేసింది. పాలిచ్చే మరో తల్లి శిబిరంలో లేదు. ఉన్న తల్లులందరి పాలూ ఎండిపోయాయి. వేలితో నడినెత్తి తడిమి చూశాను. మెత్తగా లోపలికి గుంట పడింది. సాయంకాలంలోగా తల్లి దొరకకపోతే ఈ బిడ్డ దక్కదని నాకు అర్థమైంది. ముసలామె నా ముఖం చూసి తెలుసుకుంది.

పొద్దెక్కేసరికి ఉపదేశి బండి చుట్టూ జనం మూగారు. రోడ్డు పనికి కంకర కొట్టే సుత్తెలు కొందరి చేతుల్లో ఉన్నాయి. ఆయన పలకల పెట్టెను రెండు చేతులా పొదివి పట్టుకొని బండి మీద కూర్చున్నాడు.

"ఆ పలక ఈడ పగలగొడితే నీళ్ళన్నీ బయటికొస్తాయి. ఆమె కూడా వస్తాది," అన్నాడు ఒకడు.

"పగిలితే ఆమె ఆడనే ఉండిపోతాదిరా మొద్దూ! ఉండే ఒక్క వాకిలీ మూసేస్తావా?" అంది వెనకనుంచి ఒకామె.

"అయితే మళ్ళా తెర కట్టమనండి. అదే పలక పెట్టమనండి. ముసలామె లోపలికి పోయి పిలుచుకొస్తాది."

"ముసలామె ఒక్కతే ఎందుకు? నేనూ పోతా. ఆడ నీళ్ళు ఉండాయి, చేపలు ఉండాయి. ఈడేం ఉండాది, ఈ సాయిబు రెండు ముంతలా?"

భిస్తీ తిత్తి దించి అరిచాడు. "నేను పోసింది ఒక్క తిత్తిరా నాయనా! దాంట్లో మనిషి మునిగిందంటే రేపట్నించి నా తిత్తికే దర్గాలో చాదర్ కప్పండి!"

కొందరు నవ్వారు. సుత్తె పట్టుకున్నవాళ్ళు నవ్వలేదు. ఇద్దరు బండి చక్రం ఎక్కారు. ఉపదేశి పెట్టె మీద బోర్లా వంగాడు. ఆయన మీద మొదటి చేయి పడితే తరువాత నా మాట ఎవరూ వినరని తెలిసి, నేను అడ్డం నిలబడి, మధ్యాహ్నం వరకు గడువు ఇవ్వమన్నాను. అప్పటికీ ఆమె దొరకకపోతే నేనే తెర కట్టిస్తానని మాట ఇచ్చాను. ఆ మాట ఎట్లా నిలుపుకుంటానో నాకు తెలియదు.

ముసలామె దగ్గర కూర్చున్నాను. ఈసారి గదమాయించకుండా అడిగాను. "అవ్వా, అంతమందిలో నీ కోడలు ఒక్కతే ఎందుకు లేచింది? తక్కినవాళ్ళు తాకి ఊరుకున్నారు కదా?"

"దానికి ఇంకేమీ కనపడదు కదయ్యా. పొద్దుగూకితే దాని కండ్లు ఆనవు. కానుపైనకాడ్నించి అంతే. దొడ్డికి పోవాలన్నా నా చెంగు పట్టుకోవాల. నిన్న ఆ బొమ్మ చూసి, 'అత్తా, నాకు కనపడతా ఉండాది, నాకు కనపడతా ఉండాది' అని ఒకటే సంతోషం."

రేచీకటి. కరువు తిండి తిన్నవారిలో, అందులోనూ బాలింతలలో, ఆ నెలలో నేను పదుల కొద్దీ చూశాను. ఆమెకు ఆ చీకట్లో మనుషులు లేరు, గోడలు లేవు, తెర కట్టిన గుంజలు కూడా లేవు. ఉన్నది ఒక్కటే, వెలుగుతున్న ఆ నీళ్ళు. కనిపించిన ఆ ఒక్క చోటికే ముంత తీసుకొని ఆమె నడిచింది.

అప్పుడు రాత్రి నేను కొట్టిపారేసిన నలుగురి సాక్ష్యం మళ్ళీ నా ముందుకు వచ్చింది. తడి గుడ్డను ఎత్తి కిందనుంచి దూరితే గుడ్డ అలలు వేస్తుంది. అంటే నీళ్ళు కదలడం నిజం. దూరిన మనిషి గుడ్డకూ లాంతరుకూ నడుమ నిలబడితే ఆమె నీడ ఇవతలివారికి ఆ బొమ్మలోనే కనిపిస్తుంది. లాంతరుకు దగ్గరవుతున్న కొద్దీ నీడ పెరుగుతుంది. పక్కకు దాటగానే మాయమవుతుంది. వాళ్ళు ఒక్క అక్షరం కల్పించలేదు. ఆమె ఎటు పోయిందో వాళ్ళు రాత్రే నాకు చెప్పారు: తెరనుంచి నేరుగా లాంతరు వైపు, అక్కడినుంచి అవతలికి.

లాంతరు పక్కన ఉన్న మనిషి ఒక్కడే. బండి దగ్గరికి పోయి ఉపదేశిని అడిగాను. ఆయన పెట్టె వైపు చూశాడు.

"వచ్చినాదండీ," అన్నాడు. "చేతిలో ముంత ఉండాది. నీళ్ళు ఏడ అని అడిగినాది. నేను పలక మారుస్తా ఉండినాను, చెయ్యి కాలతా ఉండాది. సాయిబు తొట్టి పక్కనే ఉండాది కదా అని, అట్టా ముందుకు పోమ్మా అని చెప్పినాను."

"మరి రాత్రినుంచి ఎందుకు చెప్పలేదు?"

"భయమండీ. నేనే ఎటో పంపేసినానని సుత్తెలు తీసుకుంటారని. అదీగాక..." ఆయన తల ఎత్తాడు. "నన్ను ఎవరూ అడగలేదండీ. మీరు కూడా."

అది నిజం. ఆయనను మోసగాడనుకున్నాను. మోసగాణ్ణి అడగవలసిన పని లేదనుకున్నాను.

భిస్తీని వెంటపెట్టుకొని పందిరి దగ్గరికి పోయాను. కండువా విప్పి కళ్ళకు గంత కట్టుకున్నాను.

"ఏంది డాక్టరయ్యా, ఈ ఎండలో దాగుడుమూతలా?"

"నన్ను పట్టుకోకు. ఎటు పోతానో చూడు."

లాంతరు పెట్టిన చోటునుంచి చేతులు చాపి నడిచాను. ముప్పై అడుగులు పోయేసరికి నాగజెముడు పొదలో పడ్డాను. రెండోసారీ అక్కడికే చేరాను. భిస్తీ ముళ్ళు పెరుకుతూ అన్నాడు. "ఆమెకి జోళ్ళు ఉండాయా?"

"లేవు."

"మరి నీకెందుకు?"

జోళ్ళు విప్పి మళ్ళీ కళ్ళు కట్టుకున్నాను. ఈసారి గులకరాళ్ళు అరికాళ్ళను పొడుస్తుంటే, పాదాలు నా ప్రమేయం లేకుండానే మెత్తని దుమ్ము ఉన్న చోటుకు జరిగాయి. ఆ మెత్తదనం ఒక బాట. కుడివైపుకు వంగి పల్లానికి దిగింది. దుమ్ము పోయి కాలికింద ఇసుక తగిలింది.

"ఆగు!" భిస్తీ నా భుజం పట్టి వెనక్కి లాగాడు.

గంత విప్పాను. పశువుల బాట చివర, నేను నిషేధించిన ఎగువ చెలమలు. నాకు ఏడెనిమిది అడుగుల ముందు అన్నిటికంటె లోతైనది. భిస్తీ ఇసుక మీద బోర్లా పడుకొని పాకుతూ పోయి అంచునుంచి తొంగి చూశాడు. వెంటనే చేయి ఎత్తి, వేళ్ళు ఆడించాడు. ప్రాణం ఉంది.

అంతలో వెనకనుంచి కేకలు వినిపించాయి. మమ్మల్ని చూసిన జనం గట్టు దిగి పరుగెత్తుతున్నారు. ఎండిన ఇసుక చెలమ అంచు ఎంత బరువు మోస్తుందో నాకు తెలియదు. భిస్తీకి తెలుసు. "ఒక్కడు ఈడికొచ్చినా ఆమె సమాధి అయిపోతాది! ఆడనే నిలబడండిరా!" అని పడుకొనే అరిచాడు. అంచునుంచి అప్పటికే ఇసుక జలజలా జారుతున్నది. నేను చేతులు చాచి ఎదురు పరుగెత్తాను. జనం ఆగలేదు. అప్పుడు ముసలామె బిడ్డను చంకన పెట్టుకొని నా పక్కన నిలబడి, ఇసుక మీద కాలితో ఒక గీత గీసింది. "ఇది దాటినోడు నా కోడల్ని చంపినోడు," అంది. జనం ఆ గీత దగ్గర ఆగిపోయారు.

తాడు కావాలి. బావి మోకు తేవాలంటే కొండ కిందికి పోవాలి. ఉపదేశి పరుగెత్తుకొచ్చాడు. ఆయన చంకలో మడిచిన తెర గుడ్డ ఉంది. రెండు పొరలుగా మెలిపెట్టి, ఒక కొసన ఉచ్చు వేసి, భిస్తీ దానిని కిందికి జార్చాడు. నేనూ, ఉపదేశీ, జనంలోనుంచి ఇద్దరూ దూరాన కూర్చొని, మడమలు ఇసుకలో పాతుకొని పట్టుకున్నాము. మొదటి లాగుకు ఒక పక్క ఇసుక విరిగి లోపల పడింది. లోపలినుంచి ఏ శబ్దమూ రాలేదు. భిస్తీ, "ఉండాది, ఉండాది, లాగండి," అన్నాడు.

ఆమె తల కనిపించింది. తరువాత ఒక చేయి. ఆ చేతిలో ముంత.

"ముంత పట్టుకోండి," అంది ఆమె మొదటి మాటగా. "ఒలికిపోతాది."

ఎడమ చీలమండ వాచి ఉంది. నడుము వరకు ఒళ్ళు నానిపోయి తెల్లబారింది. ఇసుక గోడలు చేయి వేస్తే విరిగిపోతుంటే ఎక్కలేక, అడుగున మూరెడు నీళ్ళలో రాత్రంతా, మధ్యాహ్నం వరకూ కూర్చున్నది. ముసలామె బిడ్డను కోడలి రొమ్ముకు ఆనించింది. బిడ్డ నోరు కదపలేదు. తల్లి తడి వేలితో బిడ్డ పెదవులు రాసింది. మళ్ళీ రాసింది. కొంతసేపటికి బిడ్డ గొంతు కింద కండరం కదిలింది. మింగడం నేను చూశాను. మూడుసార్లు మింగేవరకూ చూసి, అప్పుడు తల్లి చీలమండ వైపు తిరిగాను.

"నీళ్ళకి పోయినదానివి, నీళ్ళు తెచ్చినావు. పో," అంది ముసలామె. అని, ముంతలో నీళ్ళు గడగడా తాగేసింది. నా ఉత్తర్వు నాకు గుర్తొచ్చేసరికి ముంత ఖాళీ అయింది.

ఆమె తెరలోకి పోయి, మరునాడు అదే తెర పట్టుకొని బయటికి వచ్చిందని ఉదయగిరి ప్రాంతంలో ఇప్పటికీ చెబుతారట. ఖండించడానికి ప్రయత్నించాను గాని, ఆ వాక్యంలో తప్పు ఎక్కడుందో చూపించడం కష్టమైంది. ఆమె మాత్రం తాను ఆ బొమ్మలోని నీళ్ళలోనే కూర్చున్నానని చెప్పింది. నేను నీడ సంగతి, లాంతరు సంగతి వివరిస్తే ఓపికగా విని, "అట్టనా అయ్యా," అంది. ముంతలో తెచ్చిన నీళ్ళు తన మాటకు సాక్ష్యమని ఆమె లెక్క. ఆమె రేచీకటికి మందుగా మేకకార్జం, అంటే కాలేయం, దొరికినప్పుడల్లా వండిపెట్టించాను. నాలుగో రోజు సాయంకాలానికి నా చేతి వేళ్ళు కొంతవరకు ఆనవాలు పట్టింది. బిడ్డ నడినెత్తి గుంట పూడింది.

మిగిలిన ప్రశ్న ఒకటి. చెలమనుంచి తీసిన కాసేపటికి, కాలికి కట్టు కడుతూ నేను ఆమెను అడిగాను. "మీ అత్త పొద్దున ఈ గట్టు మీదనే నీ పేరు పెట్టి పిలిచింది. వినపడిందా?"

"ఇనపడినాది. మూడుసార్లు పిలిచినాది."

"మరి పలకలేదేం?"

ఆమె అత్తగారి వైపు చూసింది. పమిట లాగి బిడ్డ తల మీద కప్పింది.

గొంతు ఎండి పలకలేదనుకోవడానికి వీల్లేదు, చుట్టూ నీళ్ళున్నాయి. స్పృహ లేదనుకోవడానికి వీల్లేదు, పిలుపులు లెక్కపెట్టింది. పలికితే నీళ్ళున్న లోకంనుంచి వెనక్కి రావలసి వస్తుందని పలకలేదని శిబిరంలో ఆడవాళ్ళు చెప్పుకున్నారు. అది వాళ్ళ ఊహ. దానికి సాక్షి లేదు. పైన బిడ్డ ఆకలితో ఉన్నదని తెలిసిన తల్లి ఎందుకు పలకలేదో చెప్పగలిగింది ఆమె ఒక్కతే. ఆమెను నేను ఏకాంతంలో అడగవలసింది. పిలిచిన మనిషి ఎదుటనే, ఆ మనిషి వింటుండగా అడిగాను. మళ్ళీ అడుగుదామనుకునేలోగా ఆత్మకూరులో కలరా మొదలైందని ఐదో రోజున నన్ను అక్కడికి పంపారు. నేను తిరిగి వచ్చేసరికి శిబిరం ఎత్తేశారు. ఆ అత్తాకోడళ్ళు ఏ దారిన పోయారో చెప్పగలిగినవారు ఒక్కరూ మిగలలేదు.